డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: ఓటమి ఉంది సరే, గెలుపేది?

మరుగుజ్జుల కోటను నడిపే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆడటం మొదలుపెట్టిన ఎవరైనా కాసేపటికి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ ఇందులో మనం చేయాల్సిందేంటి?"

అడగడంలో తప్పు లేదు. ఆట మొదలవగానే కనిపించేది ఏడుగురు మరుగుజ్జులు, వాళ్ల సామాను తెచ్చిన బండి, ఒకటి రెండు గునపాలు, గొడ్డళ్లు, కొంత తిండి, పీపాల నిండా మందు. ఒకపక్క చెట్లు, ఇంకోపక్క కొండ. ఫలానా రాక్షసుణ్ణి చంపమనో, ఫలానా నిధి తెమ్మనో చెప్పే ముసలాయన ఎవరూ ఎదురుపడడు. లెవెళ్లు లేవు, పాయింట్లు లేవు, టైం లిమిట్ లేదు. ఉచితంగా దొరికే వెర్షన్‌లో అయితే సరైన బొమ్మలు కూడా ఉండవు. మరుగుజ్జంటే ఓ నవ్వుమొహం గుర్తు. పిల్లి అంటే ఇంగ్లీషు చిన్నక్షరం 'సి'. ఏనుగంటే పెద్దక్షరం 'ఈ'. ఆ గుర్తుల గుంపులో మన మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవడానికే మొదటి రోజు సరిపోతుంది.

ఈ ప్రశ్నకు ఏళ్ల తరబడి రెండు జవాబులు వినిపిస్తున్నాయి. "లక్ష్యమేమీ లేదు, ఊరికే ఆడుకోవడమే" అనేది ఒకటి. "నీ లక్ష్యం నువ్వే పెట్టుకోవాలి, అదే దీని గొప్పతనం" అనేది రెండోది. రెండూ అబద్ధం కాదు గానీ, రెండూ తప్పించుకునే జవాబులే. మన లక్ష్యం మనమే పెట్టుకోవడానికి ఇంత పెద్ద ఆట అక్కర్లేదు. పైగా నిజంగా ఏ లక్ష్యమూ లేకపోతే, ఓ పాతికమంది మరుగుజ్జులు చచ్చిపోయినప్పుడు ఆడేవాళ్లకు అంత టెన్షన్ ఎందుకు? అందుకే ఈ చిక్కును కాస్త నిదానంగా విప్పాలి.

ముందు దీన్ని ఎవరు చేశారో తెలియాలి, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉంది. అమెరికాకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ తయారుచేసిన ఆట ఇది. కోడ్ రాసేది టార్న్. ఆయన 2005లో స్టాన్‌ఫర్డ్‌లో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, టెక్సస్‌లో ఓ యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగంలో చేరి, 2006లో దాన్ని వదిలేసి పూర్తిగా ఈ ఆట మీదే కూర్చున్నారు. పని 2002లోనే మొదలైంది. జనం చేతికి వచ్చింది 2006 ఆగస్టులో. అప్పట్నుంచి పదహారేళ్లు దీనికి పైసా ధర లేదు. ఇష్టమున్నవాళ్లు పంపే విరాళాలతోనే వాళ్ల ఇల్లు గడిచింది. విరాళం ఇచ్చినవాళ్లకు ఈ అన్నదమ్ములు క్రేయాన్లతో ఓ బొమ్మ గీసో, ఓ చిన్న కథ రాసో పంపేవాళ్లు. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తొలి విడతగా సేకరించిన 14 వీడియో గేముల్లో ఇదీ ఒకటి.

పాములున్నాయి, పరమపదం లేదు

తేలిగ్గా తేలిపోయే సంగతి ముందు చూద్దాం. ఈ ఆటను గెలవడం కుదరదు. "మీరు గెలిచారు" అనే తెర ఇందులో ఎక్కడా లేదు. ఎన్ని వందలమందిని పోషించినా, ఎన్ని గదులు తొలిచినా, కోట కింద నరకాన్నే జయించినా ఆట చప్పట్లు కొట్టదు. మరుసటి నెల మొదలవుతుంది, అంతే.

ఓడిపోవడం మాత్రం చాలా సులువు. తిండి అయిపోవచ్చు. చలికాలంలో నది గడ్డకట్టి తాగడానికేమీ దొరక్కపోవచ్చు. గాబ్లిన్లు అనే శత్రుజాతి ముట్టడి వేయొచ్చు. నీళ్ల కోసం మనమే తవ్విన కాలువ ఎదురుతిరిగి నిద్రపోతున్నవాళ్లను పడకల మీదే ముంచేయొచ్చు. కొత్తగా ఆడేవాళ్లలో చాలామంది శత్రువు మొహం చూడకుండానే, సొంత కాలువలో మునిగే ఓడిపోతారు. అందరూ పోతే కోట కూలినట్టే. "ఓడిపోవడమే సరదా" అనేది ఈ ఆట ఆడేవాళ్ల మధ్య మొదట్నుంచీ ఉన్న నినాదం. దాన్ని వేదాంతంగా కాక, కొత్తవాళ్లకు ముందస్తు హెచ్చరికగా తీసుకోవడం మంచిది.

వైకుంఠపాళిలో పాము మింగితే ఉసూరుమంటాం, ఎందుకంటే పైన పరమపదం ఉంది, దానికి దూరమయ్యాం. ఇక్కడ పాములన్నీ ఉన్నాయి, పరమపదం గడి మాత్రం లేదు. అయినా పాము మింగినప్పుడు బాధ అంతే ఉంటుంది. ఈ ఆటలో అసలు విచిత్రం ఇదే. గెలుపు లేకుండా ఓటమికి బరువెక్కడిది?

లక్ష్యంలా కనిపించేవి

ఆట ఏమీ అడగదు అనే మాట పూర్తిగా నిజం కాదు. అడుగుతూనే ఉంటుంది. అడిగినవి ఇచ్చాక కూడా ఏమీ ముగియదు, అంతే తేడా.

మొదటి ఏడాది బతకడమే పెద్ద పని. భూమి లోపల పుట్టగొడుగులు పండించాలి, వాటితో మందు కాచాలి. మందు ఇక్కడ విలాసం కాదు, మరుగుజ్జులకు అది దొరకకపోతే పని మందగిస్తుంది, మనసు పాడవుతుంది. శరత్కాలంలో సొంత దేశం నుంచి వర్తకుల బండ్లు వస్తాయి. వాళ్లకు చెక్కిన రాళ్లో, కప్పులో అమ్మి, బదులుగా కావాల్సినవి కొనుక్కోవాలి. ఊరి పేరు బయటికి పాకేకొద్దీ వలసదారులు గుంపులుగా దిగుతారు. ఏడుగురు ఇరవై అవుతారు, ఇరవై ఎనభై అవుతారు. వాళ్లలో సగంమందికి చేతనైన పని సబ్బు చేయడమో, చేపలు కడగడమో అయి ఉంటుంది. ఊళ్లోకి సిపాయి కావాలని మనం ఎదురుచూస్తుంటే ఇంకో జున్ను చేసేవాడు దిగుతాడు.

జనం పెరిగితే దొరలు పుట్టుకొస్తారు. మేయర్, ఆ పైన బారన్, ఇంకా పైకి. వీళ్లతో తలనొప్పులు మామూలుగా ఉండవు. "నాకు ఫలానా వస్తువులు మూడు చేయించండి" అని ఆర్డరు వేస్తారు. "ఫలానా సరుకు ఊరు దాటకూడదు" అంటారు. గడువులోపు జరగకపోతే శిక్ష పడేది దొరకు కాదు, పాపం ఏ కమ్మరివాడికో. ప్రతి దొరకూ హోదాకు తగ్గ పడకగది, భోజనశాల, ఆఫీసు కావాలి, బారన్ నుంచి పైవాళ్లకైతే సమాధి కూడా. బతికుండగానే తన సమాధి ఇంకా పాలిష్ చేయలేదని గొణిగే దొర ఇంకే ఆటలో ఉన్నాడో నాకు తెలియదు.

కోట బాగా ఎదిగి షరతులన్నీ తీరితే దేశాన్ని ఏలే రాజో రాణో మకాం ఎత్తేసి మన కోటకే వచ్చేస్తారు. అంటే మన ఊరే రాజధాని. వేరే ఆట అయితే ఇక్కడ సంగీతం మోగి, తయారుచేసినవాళ్ల పేర్లు తెరమీద పడేవి. ఇక్కడ జరిగేదేమిటంటే, రాజుగారికి ఇంకా పెద్ద సమాధి కట్టాల్సి వస్తుంది.

ఇక మిగిలింది అడుగున ఉన్నది. లోతుగా, చాలా లోతుగా తవ్వితే అడమంటైన్ అనే లోహం దొరుకుతుంది. ఈకంత తేలిక, దాని పదును ఏ ఉక్కుకూ రాదు. కానీ ఆ లోహపు స్తంభాలు నరకంలోంచి మొలిచినవి, లోపల డొల్ల. ఆశకొద్దీ ఒక్క గడి ఎక్కువ తవ్వితే ఆ డొల్ల గుండా దెయ్యాలు వరసపెట్టి పైకి వస్తాయి. ఎక్కువ కోటలకు అదే ఆఖరి రోజు. ఇదే ఈ ఆటకు "చివరి లెవెల్" అని వాదించేవాళ్లున్నారు. వాదనలో కొంత పస లేకపోలేదు. 2006 నాటి మొదటి వెర్షన్ లోతు లేని చదును పటం. కొండలోకి అడ్డంగా తవ్వుతూ పోతే ముందు భూగర్భ నది, తర్వాత అగాధం, తర్వాత లావా, ఆఖరున ఆ లోహం, దెయ్యాల గుంట. అన్నీ ఒక వరసలో, దాదాపు ఓ దారిలా ఉండేవి. ఆ దారికి ఒక చివర ఉండేది. 2007 అక్టోబర్‌లో ఆటకు మూడో కొలత, అంటే పైకీ కిందకీ అంతస్తులు, వచ్చి చేరాయి. దాంతో ఆ దారి చెదిరిపోయింది. ఇప్పుడు ఎటు తవ్వాలో, అసలు తవ్వాలో వద్దో మన ఇష్టం. పైగా దెయ్యాలను తరిమికొట్టి నరకంలోనే గదులు కట్టుకున్న మొండివాళ్లు కూడా ఉన్నారు. అక్కడా ఆట ఆగలేదు.

అంటే లక్ష్యంలా కనిపించే ప్రతిదీ దగ్గరికెళ్లి చూస్తే ఇంకో బాధ్యతగా మారిపోతోంది.

కలలు ఎవరికున్నాయి?

నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇది. ఏ మరుగుజ్జునైనా ఎంచుకుని అతని వివరాలు తెరిస్తే ఓ పెద్ద పేరా వస్తుంది. రూపం, స్వభావం, ఇష్టాయిష్టాలు, ఈమధ్య ఏం చూసి బాధపడ్డాడు, ఎవరితో మాట్లాడి సంతోషించాడు. ఆ పేరాలో ఎక్కడో ఒక వాక్యం అతని జీవితాశయం గురించి ఉంటుంది. ఒకడి కల ఏదో ఒక విద్యలో ఆరితేరడం. ఒకామె కల ఇల్లూ పిల్లలూ. ఒకడికి గొప్ప కళాఖండం చేయాలని, ఇంకొకడికి పేరుమోసిన వీరుడు కావాలని ఉంటుంది. కొందరికి లోకంలో శాంతి తేవాలని, కొందరికి లోకాన్నే ఏలాలని. కల నెరవేరితే ఆ సంగతి కూడా అదే పేరాలో నమోదవుతుంది.

చూశారా, లక్ష్యాలు లేక కాదు. లోపలివాళ్లందరికీ తలా ఒకటి పంచిపెట్టి, బయట కూర్చుని ఆడుతున్న మనకు మాత్రం ఇవ్వలేదు. లోకశాంతి కలలు కంటున్నవాడికి గొడ్డలిచ్చి గాబ్లిన్ల మీదికి పంపేది మనమే. అతని కల మనకు ఆజ్ఞ కాదు, పట్టించుకోకపోతే ఆట నిలదీయదు. కానీ ఒకసారి చదివాక పట్టించుకోకుండా ఉండటం కష్టం.

ఒక్కోసారి లోపలివాళ్లే మనకు లక్ష్యం పెడతారు. ఉన్నట్టుండి ఓ పనివాడికి పూనకం లాంటిది వస్తుంది. చేస్తున్న పని వదిలేసి, ఓ వర్క్‌షాప్‌లో దూరి, ఇంకెవరినీ రానివ్వడు. తనలో తనే గొణుక్కుంటూ కావాల్సిన సరుకుల జాబితా వేస్తాడు. ఫలానా రాయి, ఫలానా బట్ట, ఎముకలు. ఇచ్చుకుంటూ పోతాం. ఆఖరున ఆల్చిప్ప కావాలంటాడు. మన కోట కొండల మధ్య ఉంది, దగ్గర్లో సముద్రం లేదు, ఊళ్లో ఒక్క చిప్ప లేదు. ఇక చూడండి, ఆ క్షణం దాకా గోడలు కట్టుకుంటూ నిమ్మళంగా ఉన్న మనకు ప్రపంచంలో అంతకన్నా ముఖ్యమైన పని ఉండదు. వాగులో చిప్పలుండే జీవాలేమైనా దొరుకుతాయేమోనని జాలర్లను తోలుతాం, వర్తకుల బండిలో ఏమైనా ఉందేమోనని వెతుకుతాం. సమయానికి దొరికితే అతను అద్భుతమైన వస్తువొకటి తయారుచేసి, దానికో పేరు పెట్టి, ఆ విద్యలో దిట్ట అయిపోతాడు. దొరక్కపోతే మతి చెలించి తిండి మానేస్తాడు, లేదంటే పక్కవాళ్ల మీద పడి కొట్టి చంపుతాడు.

ఎవరూ "ఆల్చిప్ప వెతుకు" అనే మిషన్ ఇవ్వలేదు. అది పుట్టింది ఒక పనివాడి పిచ్చి కోరిక, కోట ఉన్న చోటు, అప్పటికి మన గోడౌన్‌లో లేనిది, ఈ మూడూ తగులుకున్న చోట. ఇంకో కోటలో ఇది పుట్టదు, పుట్టినా ఇలా ఉండదు.

తాగిన పిల్లుల కథ

ఈ లక్ష్యాలు ఎక్కడ్నుంచి ఊరతాయో తెలియాలంటే 2015 డిసెంబర్ నాటి పిల్లుల చావులు చూడాలి. అప్పుడే ఆటలోకి సారాకొట్లు వచ్చాయి. మరుగుజ్జులు చేరి తాగడం, ఆడటం, పాడటం మొదలైంది. కొద్దిరోజులకే ఆడేవాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదులు: కోటలో పిల్లులు వాంతులు చేసుకుని చచ్చిపోతున్నాయి, ఎవరూ వాటిని కొట్టలేదు, జబ్బూ లేదు.

టార్న్ కోడ్ తవ్వి చూస్తే కారణం బయటపడింది. తాగినవాళ్లు కప్పులు ఒలకబోస్తున్నారు. నేల తడుస్తోంది. పిల్లులు అటుగా నడుస్తున్నాయి, కాళ్లకు మందు అంటుకుంటోంది. పిల్లులు ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుంటాయి కదా, ఆ అలవాటు ఎప్పుడో కోడ్‌లో ఉంది. నాకినప్పుడు అంటుకున్నది కడుపులోకి వెళుతుంది, అదీ ఉంది. ఒంటి బరువును బట్టి మత్తు ఎంత ఎక్కాలో లెక్క, అదీ ఉంది. తప్పల్లా ఒక్కచోటే: పంజాకు అంటిన తడిని ఆట ఓ నిండు కప్పు కింద జమకట్టింది. చిటికెడంత పిల్లికి అది ప్రాణాంతకం.

ఇందులో ఎవరూ "పిల్లి తాగి చావాలి" అని రాయలేదు. సారాకొట్టు రాసినప్పుడు పిల్లుల ఊసే లేదు. దేనికది విడిగా రాసిన నియమాలు తమలో తాము కలుసుకుని ఓ సంఘటనను కన్నాయి. ఈ ఆటంతా ఇదే పద్ధతి. కొత్త లోకం పుట్టేటప్పుడు కూడా అంతే. ముందు ఎత్తుపల్లాలు తేలతాయి, తర్వాత ఎండా వానా. కొండకు ఒకవైపు వాన కురిసి అవతలివైపు ఎండిపోతుంది, మనం బడిలో అనంతపురం గురించి చదువుకున్న వర్షచ్ఛాయ లెక్కే. నదులు కొండల్ని కోసుకుంటూ దారి చేసుకుంటాయి. ఆ నేల మీద రాజ్యాలు పుట్టి, యుద్ధాలు చేసుకుని, వందల ఏళ్ల చరిత్ర గడుస్తుంది. మన ఏడుగురు బండి దిగేసరికి ఆ లోకంలో అప్పటికే పాత పగలున్నాయి, శిథిలాలున్నాయి.

తయారుచేసినవాళ్ల ఉద్దేశం కూడా ఇక్కడే తెలుస్తుంది. జాక్ ముందుగా చిన్న చిన్న కథలు రాస్తారు. తర్వాత అన్నదమ్ములిద్దరూ కూర్చుని, ఈ కథ ఆటలో తనంతట తాను జరగాలంటే ఏయే నియమాలు కావాలో విడదీస్తారు. పగ తీర్చుకోవడం ఉంటే పగ గుర్తుండాలి. దొంగతనం ఉంటే వస్తువుకు యజమాని ఉండాలి. ఆ నియమాలు కోడ్‌లోకి వెళతాయి, కథ మాత్రం వెళ్లదు. వాళ్లకు కావాల్సింది కథలు పుట్టించే యంత్రం. కాబట్టి ముగింపు పెట్టకపోవడం బద్ధకమూ కాదు, మరపూ కాదు. ఒక ముగింపు ఖాయం చేస్తే యంత్రమంతా ఆ ఒక్క కథవైపే వంగిపోతుంది.

ఇసుకపెట్టె అంటే సరిపోతుందా?

లక్ష్యం లేని ఆటలు దీనికి ముందూ ఉన్నాయి. 1989లో వచ్చిన నగరం కట్టే ఆట సిమ్‌సిటీకి మొదట ఓ ప్రచురణ సంస్థ ముందుకు రాలేదు, గెలుపోటములు లేవని. దాని సృష్టికర్త విల్ రైట్ కూడా దాన్ని ఆట అనే బదులు ఆటవస్తువు అనేవారు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌ను చూసి స్ఫూర్తి పొందిన మైన్‌క్రాఫ్ట్ మొదట్లో లక్ష్యం లేకుండానే నడిచింది, కానీ 2011లో పూర్తి వెర్షన్ వచ్చేసరికి దానికో డ్రాగన్ వచ్చింది, డ్రాగన్‌ను చంపితే ముగింపు తెర వచ్చింది. ముగింపు తర్వాత కూడా ఆడుకోవచ్చు, నిజమే. అయినా ఆ డ్రాగన్ ఉండటం వల్ల కొత్తగా వచ్చిన పిల్లవాడికి "ఎటు వెళ్లాలి" అనే ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. ఆడమ్స్ సోదరులు ఆ జవాబు కూడా ఇవ్వలేదు.

ఇలాంటివాటిని ఇసుకపెట్టె (శాండ్‌బాక్స్) ఆటలని ఒకే గాటన కడుతుంటారు. నాకది ఒప్పుదలగా లేదు. మైన్‌క్రాఫ్ట్‌లో ఏ ప్రమాదమూ లేకుండా కట్టుకునే క్రియేటివ్ మోడ్‌లో మనం ఇల్లు కట్టుకుంటే ఇల్లు అలాగే ఉంటుంది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో మన ఇష్టానికి ప్రతిసారీ ఏదో అడ్డం పడుతుంది. అద్దాల గోపురం కడదామని మనం అనుకోవచ్చు. కానీ దానికి ఇసుక కావాలి, ఇసుక మోసేవాడికి నిన్ననే తమ్ముడు చచ్చిపోయాడు, అతను పని చేసే స్థితిలో లేడు, అతన్ని ఓదార్చకపోతే ఇంకొకణ్ణి కొడతాడు, ఆ దెబ్బలు తిన్నవాడే మన ఏకైక వైద్యుడు. పాత వెర్షన్లలో ఇలా ఒకడి దుఃఖం ఇంకొకడికి అంటుకుని కోటలకు కోటలే సొంతవాళ్ల చేతుల్లో కూలిపోయేవి. గెలుపు లేకపోయినా ఓటమికి బరువెందుకు అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. పోగొట్టుకునేది పాయింట్లను కాదు, ఇన్ని అడ్డంకుల మధ్య పట్టుబట్టి నిలబెట్టుకున్నదాన్ని.

ఆడేవాళ్లు పెట్టుకునే లక్ష్యాలు ఎంత దూరం పోతాయంటే, తయారుచేసినవాళ్లే జడుసుకునేంత. నీటిపంపులు, మీటలతో లెక్కలు కట్టే యంత్రాలు నిర్మించినవాళ్లున్నారు. అది సరదా. మత్స్యకన్యల ఎముకలకు మార్కెట్‌లో మంచి ధర పలుకుతోందని కనిపెట్టి, వాటిని పట్టి, పెంచి, నీళ్లు తోడేసి చంపే ఫారం ప్లాన్ చేసినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి తెలిశాక టార్న్ ఆ ఎముకల విలువ తగ్గించేశారు. ఆట ఏం చేయాలో చెప్పదు, కానీ ఏది లాభమో మాత్రం చెప్పకనే చెబుతుంది. లక్ష్యం లేని చోట ధరల పట్టిక కూడా లక్ష్యమై కూర్చుంటుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కూలిన తర్వాత

మామూలు ఆటలో ఓడిపోతే మొదటికొస్తాం, జరిగిందంతా చెరిగిపోతుంది. ఇక్కడ చెరగదు. కోట కూలినా లోకం మిగులుతుంది. అదే లోకంలో ఇంకో ఏడుగురితో ఇంకోచోట మొదలుపెట్టొచ్చు. పాడుబడ్డ పాత కోటనే మళ్లీ స్వాధీనం చేసుకోవచ్చు. సాహసికుడి వేషంలో ఒంటరిగా నడుచుకుంటూ వెళ్లి, మనం తొలిచిన గదుల్లోనే తిరగొచ్చు. ఆ లోకపు చరిత్ర చదువుకునే విభాగం వేరే ఉంది. అందులో మన మేయర్ ఎప్పుడు పుట్టాడు, ఎవరి చేతిలో పోయాడు, అన్నీ నమోదై ఉంటాయి. గోడల మీద చెక్కిన బొమ్మల్లో కూడా ఆ చరిత్రే వస్తుంది. ముట్టడి జరిగిన పదేళ్లకు ఓ శిల్పి భోజనశాల గోడ మీద ఆ ముట్టడినే చెక్కుతాడు. చెక్కమని మనం చెప్పిందీ లేదు.

అందుకే ఈ ఆటలో పేరు తెచ్చుకున్న కోటల్లో కూలిపోయినవి ముందువరసలో ఉంటాయి. 2006, 2007 కాలంలో కొందరు కలిసి బోట్‌మర్డర్డ్ అనే కోటను వంతులవారీగా ఆడారు. ఒకరు ఆటలో ఒక ఏడాది పాలించి, సేవ్ ఫైల్‌ను తర్వాతివారికి అప్పగించేవారు. ముందువాడు పెట్టిన మీట దేనికో తర్వాతివాడికి తెలియదు. బయట ఏనుగులు జనాన్ని తొక్కి చంపుతుంటే వాటి మీదికి లావా వదిలే ఏర్పాటు చేశారు. చివరికి మంటలు, పిచ్చి, ఒకరినొకరు చంపుకోవడం. ఆ పాలకుల డైరీలు చదివి ఈ ఆటకు వచ్చినవాళ్లు ఎందరో. ఆ ఆటలో గెలిచిందెవరు అని అడిగితే జవాబు లేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

డబ్బు సంగతి

ఉచితంగా దొరకడానికీ, లక్ష్యం లేకపోవడానికీ సంబంధం ఉందనుకుంటాను. మన ఫోన్లలో ఉండే ఉచిత ఆటలు చూడండి. రోజూ వచ్చి కాయిన్లు పట్టుకుపొమ్మంటాయి, నిన్న రాలేదేమని అడుగుతాయి, ఇంకో మూడు మిషన్లు మిగిలాయని గుర్తుచేస్తాయి. వాటి దగ్గర లక్ష్యాలకు కొరత లేదు. ఎందుకంటే మనం తిరిగి రాకపోతే వాళ్లకు గిట్టుబాటు కాదు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో ప్రకటనలు లేవు, లోపల కొనేదేమీ లేదు. మనం ఆరు నెలలు ముట్టుకోకపోయినా అడిగే దిక్కు లేదు. విరాళం ఇచ్చేవాడు ఆటను ఇష్టపడి ఇచ్చాడు తప్ప తర్వాతి లెవెల్ తెరుచుకోవాలని ఇవ్వలేదు. అలాంటి చోట ఉత్తుత్తి లక్ష్యాలు కల్పించాల్సిన అవసరం టార్న్‌కు రాలేదు.

తర్వాత పరిస్థితి మారింది. జాక్‌కు జబ్బు చేయడం, అమెరికాలో ఆసుపత్రి బిల్లుల భయం కలిసి, 2019లో ఓ డబ్బు వెర్షన్ తెస్తామని ప్రకటించారు. కిట్‌ఫాక్స్ గేమ్స్ అనే కెనడా సంస్థ ద్వారా 2022 డిసెంబర్ 6న అది స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వచ్చింది. బొమ్మలు, సంగీతం, మౌస్‌తో ఆడే సౌకర్యం, కొత్తవాళ్లకు పాఠాలు, అన్నీ చేర్చారు. మొదటి నెలలోనే లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. గెలుపు తెర మాత్రం అందులోనూ లేదు.

నిజమైన లక్ష్యం, పూర్తిచేయాల్సిన జాబితా ఉన్నది ఎవరికయ్యా అంటే టార్న్‌కు. చాలాకాలం ఈ ఆట వెర్షన్ అంకెలు ఓ లెక్క ప్రకారం నడిచాయి. ఆయన రాసుకున్న 100 ముఖ్యాంశాల్లో ఎన్ని పూర్తయ్యాయో అదే అంకె. 2020 నుంచి స్టీమ్ విడుదల దాకా అది 0.47 దగ్గర ఉంది. అంటే 2002 నుంచి పనిచేస్తే సగం కూడా కాలేదన్నమాట. స్టీమ్ వెర్షన్ 50తో మొదలైంది. ఈ ఆటను ఎవరైనా ఎప్పటికైనా "పూర్తి" చేస్తే అది ఆయనే చేయాలి.

ఆడి చూద్దామనుకునేవాళ్లకు రెండు మాటలు. ఈ అన్నదమ్ముల బే 12 గేమ్స్ సైట్‌లో దొరికే క్లాసిక్ వెర్షన్ ఇప్పటికీ ఉచితమే, లోపలి ఆట డబ్బు వెర్షన్‌లోదే. తెర మీద అక్షరాలు చూసి కంగారుపడకుండా ఉండగలిగితే దాంతోనే మొదలుపెట్టొచ్చు. మొదటి కోటలో రాజు, దెయ్యాలు, అద్దాల గోపురం లాంటివేవీ తలకెత్తుకోవద్దు. నదికి మరీ పక్కన తవ్వకుండా, కొండలోకి ఓ సొరంగం తొలిచి, మట్టి ఉన్నచోట పుట్టగొడుగుల మడి వేసి, మందు కాచే వర్క్‌షాప్ పెట్టి, ఏడుగురికీ పడకలు చేయించండి. శరత్కాలం బండ్లు వచ్చేలోపు అమ్మడానికి రాతి కప్పులు ఓ యాభై పోగేయండి. ఆ తర్వాత ఏం చేయాలన్న సంగతి చలికాలం దాటాక చూసుకోవచ్చు. అప్పటికి ఎవడో ఒకడు ఏదో ఒక వర్క్‌షాప్‌లో దూరి తలుపేసుకునే ఉంటాడు.